కొత్త టీవీ కొనాలంటే ముందు తెర వెనక వెలుగు సంగతి తేల్చుకోవాలి

హైదరాబాద్‌లో అబిడ్స్ అయినా, కూకట్‌పల్లి అయినా, దిల్‌సుఖ్‌నగర్ అయినా పెద్ద షోరూముల్లో టీవీల గోడ ఒకేలా ఉంటుంది. వరసగా పాతిక ముప్ఫై సెట్లు, అన్నిట్లోనూ కంపెనీలు పంపిన డెమో వీడియోలు. రంగుల చిలకలు, పూల తోటలు, నల్లటి నేపథ్యంలో జారే తేనె. సెట్లన్నీ డెమో మోడ్‌లో ఉంటాయి కాబట్టి వెలుగు, రంగు రెండూ గరిష్ఠానికి పెంచేసి ఉంటాయి. దానికి తోడు నెత్తిన షోరూమ్ లైట్ల జిగేలు. అలాంటి చోట నలభై వేల టీవీకీ లక్షన్నర టీవీకీ తేడా తెలియకపోతే అది కొనేవాళ్ల తప్పు కాదు. ఒక్కోసారి తక్కువ ధరదే బాగున్నట్టు కూడా అనిపిస్తుంది.

ఇక అట్టల మీద రాసిన పేర్లు చూస్తే తల తిరుగుతుంది. ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, నియో క్యూఎల్‌ఈడీ, క్యూఎన్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ. ఇవన్నీ ఒకే నిచ్చెన మెట్లయినట్టు, పైకి వెళ్లేకొద్దీ బొమ్మ బాగుంటుందన్నట్టు సేల్స్‌మన్ చెప్పుకుపోతాడు. అసలు సంగతి అలా లేదు. వీటిలో కొన్ని వెలుగు ఎలా వస్తుందో చెప్పే పేర్లు, కొన్ని రంగుకు సంబంధించినవి, కొన్ని ఉత్తి కంపెనీ ప్రచారం. రెండు ప్రశ్నలు పట్టుకుంటే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. తెరకు వెలుగు ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని ఎంత చిన్న భాగంలో ఆర్పగలుగుతోంది అన్నది ఒకటి. ఆ టీవీ పెట్టబోయే హాలు ఎలాంటిది, అందులో రోజంతా ఏం నడుస్తుంది అన్నది రెండోది.

తానే వెలిగే తెర, వెనక లైటు కావాల్సిన తెర

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. ఆ తరం వాళ్లకు ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ గుర్తుండే ఉంటుంది. నలుపు తెలుపు బొమ్మ, లోపల బరువైన పిక్చర్ ట్యూబ్. ఆ ట్యూబ్ తెర తానే వెలిగేది. ఎలక్ట్రాన్లు తగిలిన చోట వెలుగు, తగలని చోట చీకటి. తర్వాత వచ్చిన ప్లాస్మా కూడా అంతే, ప్రతి చుక్కా సొంతంగా వెలిగేది. ప్లాస్మా తయారీని 2014కల్లా పెద్ద కంపెనీలన్నీ వదిలేశాయి. దాంతో మార్కెట్ అంతా ఎల్‌సీడీ చేతికి వచ్చింది.

ఎల్‌సీడీ పొరకు సొంత వెలుగు లేదు. దాని పనల్లా వెనక వెలుగుతున్న లైటును కావాల్సిన చోట వదలడం, అక్కర్లేని చోట అడ్డుకోవడం. ఆ వెనక లైటు ఒకప్పుడు సన్నని ట్యూబులతో వచ్చేది, ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బులతో వస్తోంది. ‘ఎల్‌ఈడీ టీవీ’ అని అమ్ముతున్నది ఎల్‌ఈడీ లైటున్న ఎల్‌సీడీ టీవీయే. చిక్కంతా అడ్డుకోవడం దగ్గర వస్తుంది. కిటికీకి పరదా లాగినా సందుల్లోంచి ఎండ పడినట్టు, ఎల్‌సీడీ పొర ఎంత మూసుకున్నా కొంత వెలుగు కారుతూనే ఉంటుంది. అందుకే రాత్రి లైట్లు తీసేసి సినిమా పెడితే నలుపు కాస్తా బూడిద రంగులో కనిపిస్తుంది. సినిమా పైనా కిందా ఉండే నల్లపట్టీలు గది చీకట్లో వెలుగుతున్నట్టు తెలిసిపోతాయి.

ఎల్‌సీడీ పొరల్లోనే రెండు రకాలున్నాయి. వీఏ ప్యానెల్ వెలుగును బాగా అడ్డుకుంటుంది. దాని కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా, మూడు వేలకు ఒకటి, ఐదు వేలకు ఒకటి ఆ చుట్టుపక్కల ఉంటుంది. ఐపీఎస్ ప్యానెల్‌లో ఇది వెయ్యికి ఒకటి దగ్గరే ఆగిపోతుంది. కానీ పక్క నుంచి చూసినప్పుడు ఐపీఎస్ రంగులు నిలబడతాయి, వీఏ రంగులు వెలిసిపోతాయి. స్పెసిఫికేషన్ల కాగితంలో ఈ సంగతి చాలామంది రాయరు. షోరూమ్‌లో టీవీకి ఎదురుగా నిలబడి, తర్వాత నాలుగడుగులు పక్కకు జరిగి అదే బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. మనిషి ముఖం రంగు పాలిపోతే అది వీఏ అయ్యే అవకాశం ఎక్కువ.

దీన్ని చిన్న విషయంగా తీసేయడానికి లేదు. మన హాళ్లలో అందరూ టీవీకి ఎదురుగా కూర్చోరు. ఎల్ ఆకారపు సోఫా, పక్కగోడకు దివాన్ కాట్, డైనింగ్ టేబుల్ దగ్గర నుంచి తింటూ చూసేవాళ్లు. పెద్దావిడ దివాన్ మీద ఒరిగి సీరియల్ చూసేది ఆ పక్క కోణం నుంచే. డిజైనర్లు టీవీ యూనిట్ అందం కోసం సెట్టును గోడ మీద బాగా పైకి బిగిస్తే కింద నుంచి చూసేవాళ్లకూ ఇదే బాధ. కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు తెర మధ్య భాగం రావాలి. నేల నుంచి సుమారు మూడున్నర అడుగులు.

వెలుగును ముక్కలు చేయడం

బ్యాక్‌లైటు అమర్చే తీరులోనే ధరల తేడా అంతా ఉంది. తక్కువ ధర టీవీల్లో, సన్నగా కనిపించే మోడళ్లలో బల్బులు తెర అంచున, తరచుగా కింది వైపున ఉంటాయి. వెలుగును ఒక పలక తెరంతా పరుస్తుంది. దీన్ని ఎడ్జ్-లిట్ అంటారు. ఇంకో పద్ధతిలో బల్బులు తెర వెనక అంతటా ఉంటాయి, ఇది డైరెక్ట్-లిట్. ఈ వెనక బల్బులను గుంపులుగా విడదీసి, బొమ్మలో చీకటి ఉన్న చోట ఆ గుంపు వెలుగు తగ్గించగలిగితే అది లోకల్ డిమ్మింగ్. ఒక్కో గుంపు ఒక జోన్. బల్బులు చాలా చిన్నవి చేసి వేల సంఖ్యలో పేర్చి, జోన్ల సంఖ్య పెంచితే అదే మినీ ఎల్‌ఈడీ.

4కే తెర మీద సుమారు 83 లక్షల పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, ఉంటాయి. 500 జోన్లున్న టీవీలో ఒక్కో జోన్ కిందికి పదహారు వేలకు పైగా పిక్సెళ్లు వస్తాయి. నల్ల తెర మీద చిన్న తెల్ల అక్షరం పడాలన్నా ఆ జోన్ మొత్తం వెలగాల్సిందే. అందుకే అక్షరాల చుట్టూ పొగమంచులా వెలుగు కనిపిస్తుంది. దీన్ని బ్లూమింగ్ అంటారు. జోన్లు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. పూర్తిగా పోదు. జోన్ల సంఖ్య ఒక్కటే చూసి మోసపోవడం కూడా ఉంది. వాటిని ఎప్పుడు పెంచాలో, ఎంత తగ్గించాలో నిర్ణయించే ప్రాసెసర్ సరిగా లేకపోతే వెయ్యి జోన్ల టీవీ కంటే ఐదువందల జోన్ల టీవీయే మెరుగ్గా ఉండొచ్చు.

పెన్‌డ్రైవ్‌లో ఒక చిన్న వీడియో తీసుకెళ్తే షోరూమ్‌లోనే ఇది చూడొచ్చు. నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు కింది నుంచి పైకి పోయే క్లిప్ చాలు, సినిమా చివర్లో పేర్లు వచ్చినట్టు. డెమో మోడ్ తీయించి, పిక్చర్ మోడ్‌ను సినిమా లేదా ఫిల్మ్‌మేకర్‌కు మార్చి, ఈ క్లిప్ పెట్టించాలి. లోకల్ డిమ్మింగ్ లేని టీవీలో తెరంతా బూడిద రంగులో ఉంటుంది. ఎడ్జ్-లిట్‌లో డిమ్మింగ్ ఉందని చెప్పేవాటిలో అక్షరం ఉన్న చోట పై నుంచి కింది దాకా ఒక వెలుగు స్తంభం కనిపిస్తుంది, అక్షరాలతో పాటే అది కూడా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మినీ ఎల్‌ఈడీలో అక్షరాల వరసలను అంటిపెట్టుకుని కాస్త వెలుగు. ఓఎల్‌ఈడీలో అక్షరాలు తప్ప ఏమీ ఉండదు. ఆదివారం సాయంత్రం రద్దీలో ఇదంతా చేయనివ్వరు. వారం మధ్యలో పొద్దున పూట వెళ్తే సేల్స్‌మనే ఆసక్తిగా పక్కన నిలబడి చూస్తాడు.

ఇప్పుడు క్యూఎల్‌ఈడీ. ఇందులో కొత్తగా చేరేది క్వాంటమ్ డాట్ల పొర. ఇవి కొద్ది నానోమీటర్ల పరిమాణంలో ఉండే స్ఫటికాలు. వెనక నుంచి నీలి ఎల్‌ఈడీ వెలుగు తగిలితే చిన్నవి ఆకుపచ్చగా, కాస్త పెద్దవి ఎర్రగా వెలుగుతాయి. పరిమాణాన్ని బట్టి రంగు మారడం వీటి ప్రత్యేకత. వీటిని కనుగొని తయారీ పద్ధతి రూపొందించినందుకు మౌంగీ బవెండి, లూయీ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్‌లకు 2023లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ స్వచ్ఛంగా రావడంతో పట్టుచీర అంచు, గులాబీల ఎరుపు లాంటివి బాగా తేలతాయి. అంతవరకు నిజమే. అయితే ఈ పొర నలుపును ఏమీ మార్చదు, బ్యాక్‌లైటును ముక్కలు చేయదు. కాబట్టి డిమ్మింగ్ లేని క్యూఎల్‌ఈడీ అంటే రంగులు మెరుగైన మామూలు టీవీ అంతే. ముప్ఫై, నలభై వేల శ్రేణిలో ఆ ఒక్క మాట కోసం ఐదారు వేలు ఎక్కువ పెట్టడం దండగ. ఆ డబ్బుతో ఒక సైజు పెద్దది తీసుకోవడం నయం.

పేర్ల గందరగోళానికి క్యూఎన్‌ఈడీ మంచి ఉదాహరణ. ఎల్‌జీ ఆ పేరుతో అమ్మేవాటిలో కొన్నింటికి మినీ ఎల్‌ఈడీ బ్యాక్‌లైటు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. శామ్‌సంగ్ మినీ ఎల్‌ఈడీ టీవీలకు నియో క్యూఎల్‌ఈడీ అని పేరు పెట్టింది. పేరు ఏదైనా మోడల్ నంబర్ రాసుకుని, దానికి ఫుల్ అర్రే లోకల్ డిమ్మింగ్ (అంచున కాకుండా తెర వెనకంతా బల్బులుండే డిమ్మింగ్) ఉందా లేదా అన్నది విడిగా చూసుకోవాల్సిందే.

ఓఎల్‌ఈడీ: బొమ్మలో రాజు, న్యూస్ చానల్ ముందు భయం

ఓఎల్‌ఈడీలో బ్యాక్‌లైటు గొడవే లేదు. ప్రతి పిక్సెలూ తానే వెలుగుతుంది, అక్కర్లేకపోతే తానే ఆరిపోతుంది. 1987లో కోడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చూపిన సేంద్రియ పొరల పరికరం ఈ దారికి మొదలు. ఇళ్లలోకి పెద్ద తెరలుగా రావడానికి 2013 దాకా పట్టింది. ఇవాళ పెద్ద ఓఎల్‌ఈడీ టీవీల ప్యానెళ్లు తయారుచేసేవి ప్రధానంగా ఎల్‌జీ డిస్‌ప్లే, శామ్‌సంగ్ డిస్‌ప్లే. సోనీ లాంటి బ్రాండ్లు కూడా ఈ ఇద్దరి దగ్గర కొన్నవే వాడతాయి. 2022 నుంచి వచ్చిన క్యూడీ-ఓఎల్‌ఈడీలో నీలి ఓఎల్‌ఈడీ వెలుగును క్వాంటమ్ డాట్లతో ఎరుపు, ఆకుపచ్చగా మారుస్తారు. రంగులు ఇంకా చిక్కగా ఉంటాయి. కాకపోతే గదిలో వెలుగు పడితే దీని నలుపు కాస్త ఊదా ఛాయలోకి తిరుగుతుంది.

చీకటి గదిలో ఓఎల్‌ఈడీకి సాటి లేదు. పక్క నుంచి చూసినా రంగు మారదు. పిక్సెల్ మారే వేగం చాలా ఎక్కువ, గేమ్స్ ఆడేవాళ్లకు అది వరం. అదే వేగం సినిమాకు చిన్న ఇబ్బంది తెస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో కెమెరా మెల్లగా పక్కకు తిరిగితే బొమ్మ తడబడినట్టు అనిపిస్తుంది. నెమ్మదైన ఎల్‌సీడీలో మసక వల్ల అది కప్పుకుపోతుంది.

వెలుగు దగ్గర కొంత రాజీ పడాలి. తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. తెర మీద చిన్న భాగంలో అది వెయ్యి నిట్స్ దాటినా, తెరంతా తెల్లగా నిండితే చాలా ఓఎల్‌ఈడీల్లో అది రెండు, మూడు వందల దగ్గరికి పడిపోతుంది. ప్యానెల్ వేడెక్కకుండా టీవీయే తగ్గిస్తుంది. మధ్యస్థ ధర మినీ ఎల్‌ఈడీ తెరంతా నిండినా ఐదారు వందల నిట్స్ ఇవ్వగలదు. రాత్రి సినిమాకు ఈ తేడా పట్టదు. వేసవిలో మధ్యాహ్నం మూడున్నరకు ఐపీఎల్ మ్యాచ్ పెట్టినప్పుడు, సోఫా వెనక బాల్కనీ గాజు తలుపు నుంచి ఎండ దూసుకొస్తున్నప్పుడు బాగా పడుతుంది. క్రికెట్ అంటే తెర నిండా ఎండలో మెరిసే పచ్చిక. ఆ పూట ఓఎల్‌ఈడీలో మైదానం డల్‌గా, మధ్యలో బాల్కనీ గ్రిల్ నీడ స్పష్టంగా కనిపిస్తాయి. కర్టెన్లు వేసుకోవడానికి సిద్ధపడే ఇల్లయితే గొడవ లేదు.

రెండో చిక్కు బర్న్-ఇన్. సేంద్రియ పదార్థం వాడేకొద్దీ అరుగుతుంది, అందులోనూ నీలం ముందు అరుగుతుంది. తెర మీద ఒకే చోట గంటల తరబడి ఒకే ప్రకాశవంతమైన బొమ్మ ఉంటే అక్కడి పిక్సెళ్లు మిగతావాటి కంటే ముందు నీరసించి, ఆ ఆకారం మచ్చలా మిగిలిపోతుంది. తెలుగు న్యూస్ చానల్ ఒకసారి తేరిపార చూడండి. మూలలో లోగో, పక్కన టైమ్, కింద మూడో వంతు ఎరుపు పసుపు పట్టీలు, వాటి కింద స్క్రోలింగ్, పైన రోజంతా కదలని ‘బ్రేకింగ్’ ప్లేటు. ఓఎల్‌ఈడీకి ఇంతకంటే కఠినమైన పరీక్ష ఎవరూ పెట్టలేరేమో. పొద్దున కాఫీ నుంచి రాత్రి భోజనం దాకా ఒకే న్యూస్ చానల్ నడిచే ఇంట్లో ఓఎల్‌ఈడీ పెట్టకపోవడమే మంచిది. అదే టీవీ బెడ్‌రూమ్‌లో రాత్రిపూట రెండు మూడు గంటలు ఓటీటీకి వాడితే ఏళ్ల తరబడి ఏమీ కాదు.

ఇక్కడ మన ఇళ్ల అలవాటు ఒకటి అడ్డం వస్తుంది. టీవీ ఆపగానే గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేయడం. కరెంటు ఆదా అనో, పిడుగుల భయమో, పిల్లలకు నేర్పిన మంచి అలవాటు. కానీ ఓఎల్‌ఈడీ టీవీ కొన్ని గంటల వాడకం తర్వాత స్టాండ్‌బైలో ఉన్నప్పుడు పిక్సెళ్లను సరిచేసే పని తనంతట తాను చేసుకుంటుంది. గోడ స్విచ్ ఆపితే ఆ పని జరగదు, అరుగుదల పేరుకుపోతుంది. ఓఎల్‌ఈడీ కొంటే రిమోట్‌తో ఆపి స్విచ్ ఆన్‌లోనే ఉంచాలి. ఉరుముల రోజు కోసం మంచి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టుకోవచ్చు. చాలా టీవీల వెనక 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది కాబట్టి మామూలు హెచ్చుతగ్గులకు స్టెబిలైజర్ అవసరం పడదు. డిష్ కేబుల్ గుండా వచ్చే దెబ్బ మాత్రం ఆ ప్రొటెక్టర్ కూడా ఆపదు, పెద్ద వాన రోజు ఆ వైరు పీకేయడమే దిక్కు.

ఎల్‌సీడీ కూడా పాడవుతుంది

బర్న్-ఇన్ గురించి అంతగా భయపెట్టేవాళ్లు ఎల్‌సీడీ జబ్బుల గురించి నోరెత్తరు. డైరెక్ట్-లిట్ టీవీల్లో ప్రతి బల్బు మీదా వెలుగును పరిచే చిన్న ప్లాస్టిక్ లెన్స్ జిగురుతో అంటించి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి జిగురు ఎండి లెన్స్ ఊడి కింద పడితే, తెర మీద ఆ చోట గుండ్రంగా తెల్ల మచ్చ వెలుగుతుంది. ఒకటి, తర్వాత రెండు, ఆరు నెలలకు పది. ఇంకో జబ్బు బల్బులు వరసగా బిగించిన స్ట్రిప్‌లో ఒక బల్బు పోయి వరస మొత్తం ఆరిపోవడం. మాట వినిపిస్తుంది, బొమ్మ కనిపించదు. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల స్ట్రిప్పులు, బోర్డులు దొరుకుతాయి, బాగు చేసేవాళ్లూ ఉన్నారు. కాకపోతే స్ట్రిప్ మార్చాలంటే ప్యానెల్ ఎత్తి పక్కన పెట్టాలి. ఆ అద్దం చిట్లిందంటే టీవీ పోయినట్టే. కొత్త ప్యానెల్ ధర కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది.

ఈ జబ్బుకు మందు చాలా చవక. రాత్రిపూట బ్యాక్‌లైట్ సెట్టింగ్ నూటికి నూరు అక్కర్లేదు. సగానికి తెస్తే వేడి తగ్గుతుంది, బల్బుల ఆయుష్షు పెరుగుతుంది, బిల్లు కూడా కొంచెం తగ్గుతుంది. 120 వాట్లు లాగే టీవీ రోజుకు ఆరు గంటలు నడిస్తే నెలకు సుమారు 22 యూనిట్లు. ఏసీ ముందు ఇది పెద్ద లెక్క కాదనుకోండి.

సిగ్నల్ బాగుంటేనే బొమ్మ

టీవీ 4కే అయినా అందులోకి వచ్చేది 4కే కాకపోవచ్చు. కేబుల్, డిష్‌లలో ఎస్‌డీ (హెచ్‌డీ కాని మామూలు) చానల్ బొమ్మ 720 బై 576 పిక్సెళ్లు. అంటే 4కే తెరలో ఇరవయ్యో వంతు పిక్సెళ్లు. మిగతా పంతొమ్మిది వంతులూ టీవీ ఊహించి నింపాలి. తెలుగు ఎంటర్‌టైన్‌మెంట్ చానళ్లలో పెద్దవి హెచ్‌డీలో దొరుకుతున్నాయి, న్యూస్ చానళ్లు చాలావరకు ఎస్‌డీలోనే వస్తున్నాయి. డెబ్భై ఐదు అంగుళాల టీవీ తెచ్చి ఎస్‌డీ ప్యాక్‌తో సరిపెట్టుకునే ఇళ్లు కోకొల్లలు. ముఖాలు మైనం బొమ్మల్లా కనిపిస్తున్నాయని కంపెనీని తిట్టుకుంటారు. నెలకు కొద్ది రూపాయలు పెట్టి హెచ్‌డీ ప్యాక్‌కు మారితే వచ్చే తేడా ముప్ఫై వేలు ఎక్కువ పెట్టి పై మోడల్ కొన్నా రాదు. సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి ఇంకా పాత ఎరుపు, తెలుపు, పసుపు వైర్లే ఉంటే హెచ్‌డీ ప్యాక్ కూడా వృథా. హెచ్‌డీఎంఐ కేబుల్ వేయాలి.

ఓటీటీలో సంగతి వేరు. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి, నెట్ వేగం కనీసం 15 ఎంబీపీఎస్ ఉండాలని ఆ సంస్థే చెబుతుంది. హెచ్‌డీఆర్, అంటే వెలుగు చీకట్ల తేడాను మామూలు కంటే ఎక్కువగా చూపే బొమ్మ, అన్న మాట ప్రతి టీవీ డబ్బా మీదా ఉంటుంది. హెచ్‌డీఆర్ సినిమాలు వెయ్యి నిట్స్ లేదా అంతకు మించిన వెలుగు లెక్కలో తయారవుతాయి. చవక టీవీలు 300 నిట్స్ దగ్గరే ఆగిపోతాయి. అవి హెచ్‌డీఆర్ సిగ్నల్‌ను అందుకుంటాయి, చూపించలేవు. చూపించాలంటే వెలుగూ కావాలి, డిమ్మింగూ కావాలి. హెచ్‌డీఆర్‌లో ఒక రకమైన డాల్బీ విజన్ విషయంలో ఒక్క మాట చాలు: శామ్‌సంగ్ టీవీలు దాన్ని తీసుకోకుండా దానికి పోటీ అయిన హెచ్‌డీఆర్10 ప్లస్ వైపు వెళ్లాయి. ఆ ఒక్క కారణంతో మంచి టీవీని వదులుకోనక్కర్లేదు.

తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే హెర్ట్జ్ అంకెల దగ్గర జాగ్రత్త. కొన్ని 60 హెర్ట్జ్ ప్యానెళ్లు బొమ్మలోని అడ్డ వరసలు సగానికి తగ్గించుకుని 120 చూపిస్తాయి, డబ్బా మీద 120 అనే రాసి ఉంటుంది. సీరియల్, న్యూస్, క్రికెట్ చూసే ఇంటికి నిజమైన 120 లేకపోయినా నష్టం లేదు. ఇంట్లో పీఎస్5 లాంటి గేమింగ్ పెట్టె ఉంటే మాత్రం 4కేలో 120 హెర్ట్జ్, ఆ సిగ్నల్‌ను మోసే హెచ్‌డీఎంఐ 2.1 రెండూ ఉన్నాయని రూఢి చేసుకోవాలి. 8కే గురించి ఆలోచించే పని లేదు, చూడటానికి అందులో ఏమీ రావడం లేదు.

సైజు లెక్క తేలికే. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో సోఫా నుంచి టీవీ గోడకు ఎనిమిది, తొమ్మిది అడుగులుంటుంది. కంటికి ముప్ఫై డిగ్రీల మేర తెర నిండాలన్న లెక్కలో 55 అంగుళాలకు ఏడున్నర అడుగులు, 65కు సుమారు తొమ్మిది అడుగులు దూరం సరిపోతుంది. ఎనిమిది అడుగుల నుంచి 55 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా కనిపెట్టడం మామూలు చూపుకు కష్టం. అలాగని ఈ సైజులో ఫుల్ హెచ్‌డీ టీవీ వెతకనక్కర్లేదు, దొరికేవన్నీ దాదాపు 4కేనే.

డబ్బు ఎక్కడ పెట్టాలి

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్నుతో కలిపి 64 వేలున్న టీవీ లెక్క ప్రకారం 59 వేలకు రావాలి. దసరా, దీపావళి ఆఫర్ల అట్టల మీద తగ్గింపును ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, ఈ ఐదు వేలు కంపెనీ ఇచ్చినది కాదని గుర్తుంచుకుని బేరం మొదలుపెట్టాలి. పాత మోడల్‌ను కొత్తది వచ్చిన తర్వాత కొనడం ఎప్పుడూ లాభమే. బొమ్మ నాణ్యత ఏడాదిలో అంత మారిపోదు.

బ్రాండ్ అభిమానం కూడా కొంచెం సడలించుకోవచ్చు. టీవీ ఎల్‌సీడీ ప్యానెళ్లలో అత్యధికం ఇప్పుడు చైనాలో బీఓఈ, సీఎస్‌ఓటీ, హెచ్‌కేసీ లాంటి సంస్థలవి. శామ్‌సంగ్ డిస్‌ప్లే 2022లో ఎల్‌సీడీ తయారీ మానేసింది. జపాన్‌లో టీవీ ప్యానెళ్లు చేసే షార్ప్ వాళ్ల సకాయ్ ఫ్యాక్టరీ 2024లో ఆగిపోయింది. అంటే జపాన్ పేరున్న టీవీలోనూ, కొరియా పేరున్న టీవీలోనూ ఎల్‌సీడీ అద్దం ఒకే చోట నుంచి వచ్చి ఉండొచ్చు. బ్రాండ్ వల్ల వచ్చేది ప్రాసెసర్, రంగుల సర్దుబాటు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, అన్నిటికంటే ముఖ్యంగా సర్వీస్. ఆ సర్వీస్ సెంటర్ మీ ఏరియాకు ఎంత త్వరగా మనిషిని పంపుతుందో పక్కింటివాళ్లను అడిగితే తెలుస్తుంది.

ముప్ఫై వేల చుట్టుపక్కల బడ్జెట్ అయితే మామూలు డైరెక్ట్-లిట్ 4కే టీవీ, వీలైనంత పెద్ద సైజు. పక్క నుంచి చూసేవాళ్లు ఎక్కువైతే ఐపీఎస్ వెతకాలి. యాభై నుంచి తొంభై వేల మధ్య పెట్టగలిగితే రెండు మూడు వందల జోన్లకు తగ్గని మినీ ఎల్‌ఈడీ. పగటి వెలుతురు దండిగా ఉండి న్యూస్, సీరియల్, క్రికెట్ అన్నీ నడిచే హైదరాబాద్ హాలుకు ఇదే సరైన జోడీ. అంతకు మించి డబ్బుంటే, చూసేది ప్రధానంగా రాత్రిపూట సినిమాలైతే ఓఎల్‌ఈడీ. లక్షన్నర పెట్టి హాల్లో ఓఎల్‌ఈడీ, అందులో పొద్దస్తమానం న్యూస్ అన్నది మాత్రం అన్నిటికంటే చెడ్డ కలయిక. ఆగాలనుకునేవాళ్ల కోసం బ్యాక్‌లైట్‌లోనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం బల్బులు విడివిడిగా ఉండే కొత్త రకం కూడా వస్తోంది. 2025లో హైసెన్స్ 116 అంగుళాలది, శామ్‌సంగ్ 115 అంగుళాలది చూపించాయి. అవి మన హాళ్ల సైజుకు, జేబుల సైజుకు దిగేదాకా పాత టీవీ నడిస్తే ఆగొచ్చు.

టీవీ ఇంటికి వచ్చిన రోజు హడావిడిలో అసలు పని మర్చిపోతారు. డెలివరీ కాగితం మీద సంతకం పెట్టేలోపు డబ్బా మూలలు నలిగాయేమో చూడాలి, విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఫోన్‌లో వీడియో తీయాలి. చిట్లిన తెరకు వారంటీ వర్తించదు, మొదటిరోజే ఆధారం ఉంటేనే మార్పిస్తారు. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడ పూర్తిగా కాంక్రీటా, తేలిక బ్లాకులతో కట్టినదా అన్నది ఇన్‌స్టలేషన్ మనిషికి ముందే చెబితే దానికి తగిన బోల్టులు తెచ్చుకుంటాడు. టీవీ మొదటిసారి ఆన్ చేసినప్పుడు హోమ్, స్టోర్ అని అడుగుతుంది. హోమ్ నొక్కాలి. తర్వాత యూట్యూబ్‌లో తెల్ల, బూడిద, నల్ల తెరల టెస్ట్ వీడియో పెట్టి చచ్చిన పిక్సెళ్లు, మురికి మరకల్లాంటి చారలు ఉన్నాయేమో చూసి, బిల్లు మీద సీరియల్ నంబర్ టీవీ వెనకున్న నంబర్‌తో సరిపోల్చుకుని, అప్పుడు ఆ మనిషిని పంపించాలి.